పావు చుట్టు

ఆ వానాకాలం మా మనవరాలి కాలి ఎముక రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరగాలి. జరపాల్సింది ఇంట్లోవాళ్ళం. ఆస్పత్రివాళ్ళు ఒక పానా, గళ్ళు గీసిన ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు.

పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్ళు. మేమంతా ఉడత అని పిలుస్తాం. ఆరో ఏట జ్వరమొచ్చి మోకాలి కింద వాచింది. వాచిన చోటు పగిలి చీము కారింది. మందు వాడినన్నాళ్ళు ఆగేది, ఆపగానే మళ్ళీ మొదలయ్యేది. మూడేళ్ళు అదే వరస. ఒకనాడు కట్టు విప్పుతుంటే గోటి ముక్కంత తెల్లటిదేదో దూదికి అంటుకుని వచ్చింది. చూస్తే ఎముక. ఒక ఆస్పత్రిలో కాలు తీసేస్తే పీడ వదులుతుందన్నారు. మా కోడలు వాళ్ళతో ఒక్క మాట మాట్లాడకుండా పిల్లను చంకనేసుకుని బయటికి నడిచింది. తర్వాత ఎవరెవరినో వాకబు చేసి, ఎముకల డాక్టరమ్మ ఒకావిడ ఉందని పట్టుకుంది.

డాక్టరమ్మ కుళ్ళిన ఎముకను వేలెడంత తీసేసింది. యాభై మిల్లీమీటర్ల ఖాళీ. అది పూడాలంటే పైనున్న మంచి ఎముకను కోసి, ఆ ముక్కను రోజూ కాస్త కాస్త కిందికి దింపాలట. దిగుతున్న కొద్దీ వెనక వదిలిన సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుందట. తొందరపడి దింపితే కొత్తది పుట్టదు. ఆలస్యం చేస్తే కోసిన చోటే అతుక్కుపోయి ముక్క ఇక కదలదు.

దానికోసం కాలి చుట్టూ ఇనప రింగులు బిగించారు. రింగుల నుంచి ఎముకలోకి సైకిలు చువ్వల్లాంటి తీగలు, రింగుకూ రింగుకూ మధ్య మరలున్న కడ్డీలు. నడిమి రింగు దగ్గర మూడు కడ్డీలకు మూడు నట్లు. పూటకు ఒక పావు చుట్టు తిప్పితే రింగు దిగుతుంది, రింగుతోపాటు ఎముక ముక్క దిగుతుంది. నాలుగు పావులు ఒక చుట్టు. ఒక చుట్టు ఒక మిల్లీమీటరు.

అది చూశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. నలభై రెండేళ్ళు నీళ్ళ గొట్టాలకు మరలు కోసిన చెయ్యి నాది. ఆ ఆస్పత్రిలో ఎవరేం చెప్పినా నాకు సగం అర్థమయ్యేది కాదు గానీ, నట్టూ కడ్డీ అంటే ఒకరు నాకు చెప్పక్కర్లేదు. నర్సు నేర్పేటప్పుడు తలూపుతూ కూర్చున్నాను. ఆ నర్సమ్మాయి పానా పట్టుకున్న తీరు చూసి లోపల నవ్వుకున్నాను కూడా. కోడలు మాత్రం తన చేత్తో తిప్పి, సరేనా అని అడిగి, మళ్ళీ తిప్పి చూపించింది.

మావాడు లారీ తోలతాడు. వెళ్తే పదిహేను రోజులు, ఒక్కోసారి నెల. కోడలు బట్టల కంపెనీలో చొక్కాలకు కాజాలు కుట్టేది. పొద్దున ఏడున్నరకు వెళ్తే చీకటి పడ్డాక రావడం. అందుకని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి నేను తిప్పేటట్టు, రాత్రి పడుకునే ముందు ఆమె తిప్పేటట్టు పంచుకున్నాం. తిప్పిన ప్రతిసారీ కాగితం మీద ఒక గడిలో గీత పెట్టాలి. నేను మూడు గీతలు, ఆమె ఒక గీత.

మొదటి ఆదివారం కోడలు కూర్చుని ఒక్కో నట్టుకు ఒక్కో పలక మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది. నర్సు చెప్పిందట, చుక్క ఎంత దూరం పోయిందో చూసుకుంటే ఎంత తిరిగిందో తెలుస్తుందని. మర్నాడు ఆమె పనికి వెళ్ళాక నేను స్పిరిట్‌లో గుడ్డ ముంచి ఆ చుక్కలు గీరేశాను. రంగు మరలోకి దిగితే నట్టు పట్టేస్తుంది. ఏ కొత్త కుర్రాడైనా నా దగ్గర మర మీద రంగు పూసి ఉంటే చెంప పగిలేది.

సాయంత్రం చూసుకుని ఆమె నెమ్మదిగానే అడిగింది.

"నట్టుకు ఆరు పలకలున్నాయి మామయ్యా. పావంటే పలకన్నర. గుర్తు లేకపోతే కంటికి ఆనదు."

"కంటితో తిప్పమని ఎవరన్నారమ్మా? చేత్తో తిప్పాలి."

ఆమె గోళ్ళరంగు సీసా మూత బిగించి లోపల పెట్టేసింది. ఒప్పుకుంది అనుకున్నాను.

ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే చిరాకే ముందు గుర్తొస్తుంది. ఉన్నవి రెండు గదులు. వాన పట్టిందంటే వదిలేది కాదు. తీగలు చర్మంలోకి దిగిన చోటల్లా రోజూ తుడవాలి, లేకపోతే అక్కడ మళ్ళీ చీము. తుడిచే గుడ్డలు ఉడకబెట్టాలి, ఆరవెయ్యాలి, అవి ఆరవు. రెండు గదుల్లోనూ తాళ్ళు కట్టి తెల్ల గుడ్డలు వేలాడదీస్తే వాటి కిందనుంచి వంగి తిరిగేవాళ్ళం. దుప్పటి కప్పితే రింగుల మీద డేరాలా లేచేది. ఉడత ఆ డేరాలో తన బొమ్మను కాపురం పెట్టి, అద్దె కట్టడం లేదని రోజూ తిట్టేది.

నేను తిప్పేటప్పుడు పిల్ల మాట కూడా ఆపేది కాదు. నేను దాని మొహంలోకి చూస్తూ తిప్పేవాణ్ణి. నొప్పి తెలిస్తే కనురెప్ప కొట్టుకుంటుంది గదా, అది కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. కొట్టుకునేది కాదు. అయిపోయిందా తాతా అని అదే అడిగేది. కోడలు తిప్పినప్పుడు మాత్రం దిండు కొరికేది, ఏడ్చేది, ఒక్కోసారి తల్లి జుట్టు పట్టుకునేది. అమ్మ చెయ్యి మొరటు, తాత చెయ్యి వెన్న అని పక్కింటావిడకు కూడా చెప్పింది. పైకి అనలేదు గానీ ఆ మాటకు నాకు ఛాతీ ఉబ్బింది. ఒకసారి పక్కగదిలో నుంచి, కంపెనీలో గుడ్డ లాగినట్టు లాగకమ్మా అని కూడా అన్నాను.  కోడలు మూడో నట్టు తిప్పి, గీత పెట్టి, పిల్ల కన్నీళ్ళు తుడిచి పడుకుంది.

పదో రోజు కాలికి ఎక్స్‌రే ఫిల్ము తీయించాలి. రెండు బస్సులు మారి వెళ్ళాం. పిల్ల కాలు నా ఒళ్ళో. బస్సులో అందరూ రింగులకేసి చూడటమే. ఒకాయన ఉండబట్టలేక, ఏంటి పాపా కాలికి ఏరియల్ పెట్టించారా అన్నాడు. అవును, మీరు మనసులో అనుకునేవి కూడా ఇందులో వినపడతాయి అంది ఉడత. ఆయన వచ్చే స్టాపులోనే దిగిపోయాడు. ఆ రోజు మేం నవ్వింది అక్కడే. ఆస్పత్రిలో ఫిల్ము మిషను పాడైంది. మూడింటిదాకా కూర్చోబెట్టి, ఇవాళ కాదన్నారు. బయట తీయించుకొద్దామని వెళ్తే, ఇంత ఇనుము మధ్య నాకేం కనపడుతుంది, తీయను పొమ్మన్నాడు అక్కడివాడు. మళ్ళీ ఆస్పత్రికి వస్తే డాక్టరమ్మ వెళ్ళిపోయింది. రెండు వారాలాగి రమ్మని చీటీ రాశారు.

అలా ఇరవై నాలుగో రోజుకు గానీ ఫిల్ము చేతికి రాలేదు.

డాక్టరమ్మ దాన్ని లైటు మీద పెట్టి కొలపట్టీ వేసింది. మళ్ళీ వేసింది. ఇరవై నాలుగు రావాలి, పదిహేనే వచ్చిందేం అంది. కాగితం అడిగింది. గళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఎవరు తిప్పుతున్నారని అడిగితే చెప్పాను. నా పని ఏమిటో కూడా చెప్పాను.

"అయితే మీకు నేను చెప్పేదేముంది తాతగారూ," అని ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఎటు తిప్పుతున్నావమ్మా?"

కోడలు గాల్లో చెయ్యి తిప్పి చూపించింది. సరిగ్గానే ఉంది, జాగ్రత్తగా ఉండండి, ఇలా ఆలస్యమైతే పైన అతుక్కుపోతుంది, మళ్ళీ కోయాల్సి వస్తుంది, వారంలో రండి అంది డాక్టరమ్మ. బయట వరసలో ఇంకా అరవైమంది ఉన్నారు.

వచ్చేటప్పుడు బస్సులో లెక్క కట్టాను. నేను ముందుకు మూడు పావులు. ఆమె గనక తెలియక ఒక పావు వెనక్కి తిప్పుతుంటే, మిగిలేది రోజుకు అర మిల్లీమీటరు. ఇరవై నాలుగు రోజులకు పన్నెండు. ఫిల్ములో పదిహేను. కొంచెం అటూ ఇటూ. కింది వైపు నుంచి చూస్తూ తిప్పితే కుడి ఎడమలు తారుమారు కావడం నేను కొత్తవాళ్ళలో ఎన్నిసార్లు చూడలేదు? డాక్టరమ్మ ముందు గాల్లో సరిగ్గా చూపించింది, సరే. గాల్లో ఎవరైనా చూపిస్తారు. లెక్క కుదిరేసరికి నాకు దాదాపు సంతోషం లాంటిది కలిగింది. ఒళ్ళు కూడా మండింది. పిల్లను ఏడిపించీ ఏడిపించీ వెనక్కి తిప్పిందన్న మాట.

ఆమెతో అనలేదు. మావాడు ఫోను చేస్తే వాడితో అన్నాను. వాడు ఏ ఎండలోనో ఏ చెక్‌పోస్టు దగ్గరో ఉన్నాడు, ఆ విసుగంతా పెళ్ళాం మీద చూపించాడు. ఫోనులో వాడి గొంతు పక్కగదిలో నాకు వినపడింది. తల్లివై ఉండి ఆ మాత్రం తెలుసుకోలేవా అంటున్నాడు. ఆమె కాసేపు విని, ఫోను నేల మీద పెట్టి గుడ్డలు ఉతకడానికి వెళ్ళిపోయింది. ఫోను అలా నేల మీద ఇంకా కొంతసేపు అరిచింది.

మర్నాడు పొద్దున పానా తెచ్చి నా పక్కన పెట్టింది.

"నాలుగు పూటలూ మీరే తిప్పండి మామయ్యా. నా చెయ్యి పడితే గదా అనుమానం. పడదు."

అంతే. ఆ వారం ఆమె నాతో మాట్లాడింది ఉప్పూ నీళ్ళూ వరకే. పిల్ల కాలు తుడవడం, గుడ్డలు ఉడకబెట్టడం అన్నీ మామూలుగా చేసింది. పానా వైపు మాత్రం చూడలేదు. నేను ఇరవై ఎనిమిదిసార్లు తిప్పాను, ఇరవై ఎనిమిది గీతలు పెట్టాను. ఒక్కసారి కూడా పిల్ల ఏడవలేదు. ఇంత హాయిగా ఎప్పుడూ లేదు తాతా అంది. చూశావా అన్నట్టు కోడలి వైపు చూశాను. ఆమె తాడు మీద గుడ్డలు తడిమి చూసుకుంటోంది.

ఆ వారానికి ఫిల్ములో ఏడు మిల్లీమీటర్లు రావాలి. రింగు మూడున్నర దిగింది. ఎముక రెండే దిగింది.

డాక్టరమ్మ కుర్చీ మా వైపు తిప్పుకుంది. ఈ వారం ఎవరు తిప్పారని అడిగింది. నేనే అన్నాను. నాలుగు పూటలా అంది. నాలుగు పూటలూ అన్నాను. అడ్డం పెట్టుకోవడానికి ఇప్పుడు ఇంకో చెయ్యి లేదు.

"పన్నెండవుతోంది. ఎలాగూ తిప్పాలిగా. ఇక్కడే తిప్పండి తాతగారూ, చూస్తాను."

పిల్ల మొహంలోకి చూస్తూ ఒక నట్టు తిప్పాను. రోజూ తిప్పినట్టే. ఆవిడ రెండో నట్టు తిప్పమంది. ఈసారి పాపను కాదు, మీ చేతిని చూసుకుంటూ తిప్పండి అంది.

చూశాను. చెయ్యి పావు చుట్టు ముందుకు వెళ్ళింది. వెళ్ళి ఆగలేదు. నేను చెప్పకుండానే అందులో సగం వెనక్కి వచ్చింది.

"వెనక్కి ఎందుకొచ్చారు?"

"రజను తెగాలి గదమ్మా," అన్నాను.

అనేశాక గానీ ఆ మాట నా చెవిన పడలేదు. గొట్టానికి మర కోసేటప్పుడు ముందుకు తిప్పి కాస్త వెనక్కి వదలాలి. వదిలితేనే ఇనప రజను తెగి రాలుతుంది, లేకపోతే మర పళ్ళు విరుగుతాయి. మా మేస్త్రి నాకు కొట్టి నేర్పాడు. నేను నా దగ్గర చేరినవాళ్ళకు కొట్టి నేర్పాను. చేతికి ఇనుము తగిలితే చాలు, ముందుకు, వెనక్కి. నలభై రెండేళ్ళు. పిల్ల కాలిలో రజనెక్కడిది?

"తాత ఎప్పుడూ అంతే," అంది ఉడత డాక్టరమ్మతో. "అందుకే నొప్పుండదు."

నట్ల మీద గుర్తులు పెట్టించాం కదా ఏమయ్యాయి అని నర్సు అడిగింది. నేనే గీరేశానని చెప్పాను. కోడలు అక్కడే నిలబడి ఉంది. పిల్ల గౌను అంచు రింగుకు తగులుకుంటే విడదీస్తోంది. విడదీశాక కూడా విడదీస్తూనే ఉంది.

పైన అతుక్కుపోతోందని డాక్టరమ్మ చెప్పింది. తీగలు వంగిపోతున్నాయి, ఇప్పుడు గట్టిగా తిప్పినా తీగలే తెగుతాయి తప్ప ఎముక కదలదు అంది. మళ్ళీ కోయాలి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మొదటిరోజే మీ చేత తిప్పించి చూడాల్సింది, మీ పని పేరు విని ఊరుకున్నాను అంది, అంతే.

మూడో రోజున పిల్లను మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. బయట బల్ల మీద ఆ చివర కోడలు, ఈ చివర నేను. వెళ్ళి టీ తెచ్చి ఆమె పక్కన పెట్టాను. ఆమె తాగలేదు, పారబొయ్యనూ లేదు. అది అలా చల్లారిపోయింది.

బయటికి వచ్చి మావాడికి ఫోను చేశాను. నీ పెళ్ళాం సరిగ్గానే తిప్పింది, వెనక్కి తిప్పింది నేను, పిల్లను మళ్ళీ కోస్తున్నారు అని చెప్పాను. వాడు, పోన్లే నాన్నా, పెద్దవాడివి, నువ్వు మాత్రం కావాలని చేశావా అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెయ్యని తప్పుకు ఆమె మీద అంత ఎగిరినవాడు నన్ను చేసిన తప్పుకు ఒక్క మాట అనడే? అనరా అన్నాను. ఏమనాలి నాన్నా అన్నాడు వాడు. పెట్టేశాను.

కోసిన తర్వాత వారం రోజులు కదపకూడదు. ఆ వారంలో కోడలు కంపెనీకి వెళ్ళి పని మానేసి వచ్చింది. కాజాల మూటలు ఇంటికే తెచ్చుకుంటానని మాట్లాడుకుంది. నాలుగు పూటలూ తనే ఉండాలి గదా. నాకు చెప్పలేదు, మూటలొస్తే తెలిసింది. నేను ఎవరూ లేనప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, ఒక పాత బోల్టుకు నట్టు ఎక్కించి పావు చుట్టు తిప్పడం నేర్చుకుందామని చూశాను. కళ్ళు దాని మీదే పెట్టి తిప్పాను. పదిసార్లు తిప్పితే ఏడుసార్లు చెయ్యి వెనక్కి వచ్చింది.

ఎనిమిదో రోజు ఉదయం ఆరింటికి కోడలు పానా తీసుకుని మంచం దగ్గర కూర్చుంది. ఉడత రెండు చేతులతో రింగును మూసేసింది.

అమ్మ వద్దంటే వద్దంది. తాతే తిప్పాలంది. బతిమాలితే వినలేదు, కసిరితే వినలేదు. డాక్టరమ్మ తిడుతుందంటే తిట్టనీ అంది. ఆరుంపావు అయింది. కోడలు చేతిలో పానాతో గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆమె మొహం చూస్తే, ఎవరో ఒకరు తిప్పండి, నేను అలిసిపోయాను అన్నట్టుంది.

"తాతా, నువ్వు వెనక్కి తిప్పకు. సరిగ్గానే తిప్పు. కానీ నువ్వే తిప్పు," అంది పిల్ల. ఏడుపు గొంతుతో బేరం.

తల్లీకూతుళ్ళిద్దరూ నా చేతికేసి చూస్తున్నారు. ఆ ఒక్క పూటకు నేనూ తిప్పగలను అనిపించింది. కళ్ళార్పకుండా, ఊపిరి బిగబట్టి. లేచి మంచం దాకా వెళ్ళాను కూడా.

"నాకు రాదే ఉడతా," అన్నాను.

"నీకు రాకపోవడమేంటి? నువ్వు మేస్త్రీవి గదా."

"గొట్టాలకు మేస్త్రీని. ఇది నాకు రాదు. నీ కాలు మీద ఇంతవరకూ సరిగ్గా తిప్పింది మీ అమ్మొక్కతే. నొప్పి పుట్టిందంటే సరిగ్గా తిరిగినట్టే."

కోడలు తల వంచుకుని పానా నట్టుకు తగిలించింది.

"కాలు కదలకుండా పట్టుకోండి మామయ్యా," అంది.

ఒక చేత్తో మడమ, ఒక చేత్తో పిల్ల రెండు మణికట్లూ పట్టుకున్నాను. ఆమె మొదటి నట్టు తిప్పి ఆగింది. వెనక్కి రాలేదు. రెండోది. మూడోదానికి ఉడత నా భుజం కొరికి, మిమ్మల్నిద్దర్నీ పోలీసులకు పట్టిస్తానని అరిచింది. నేను వదల్లేదు. పక్కింటావిడ తలుపు తీసి చూసి, మళ్ళీ మూసుకుంది.

ఎముక పావు మిల్లీమీటరు దిగింది. ఇంకా దిగాల్సింది ముప్పై మూడుకు పావు తక్కువ.